తడి ఆరని బొమ్మ

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ముగ్గురికి ముగ్గురూ ఒక బొమ్మను చూసి తిండీ నిద్రా మానేశారర్రా! ఓడ వర్తకుడు తెచ్చిన తైలవర్ణ చిత్రం అది. కిటికీ దగ్గర ఒంటరిగా ఒక అమ్మాయి, చెంపల మీద కన్నీళ్లు. ముట్టుకుంటే వేలికి తడి అంటుకునేది.

ఆ పిల్ల పేరు మధూలిక. పొరుగు రాజ్యంలో తల్లి దగ్గర్నుంచి ధూమ్రకేశుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతల కోటలో బంధించి, మంత్రపు రంగులతో ఆ బొమ్మ గీశాడు. అక్కడ ఆమె ఏడిస్తే ఇక్కడ బొమ్మ ఏడుస్తుంది. అమ్మను మళ్లీ చూస్తానా అన్నదే ఆమె ఏడుపంతా.

పెద్దవాడు వెళ్లాడు, రాయైపోయాడు. రెండోవాడు వెళ్లాడు, వాడూ రాయైపోయాడు. మూడోవాడు ఉదయసేనుడు తాబేలు వీపెక్కి సముద్రాలన్నీ దాటాడు. మాంత్రికుడి ప్రాణం పంజరంలోని చిలుకలో ఉందని తాబేలే చెవిలో ఊదింది. ఇతను చిలుక మెడ నులిమాడో లేదో, "నా ప్రాణం! నా ప్రాణం!" అంటూ వాడు కుప్పకూలాడు. అన్నలిద్దరూ లేచి ఒళ్లు దులుపుకున్నారు.

"ఇక అమ్మను చూడొచ్చు కదూ?" అంది మధూలిక, నవ్వుతూ.

"పెళ్లి కానీ, పల్లకీ పంపిస్తాను" అన్నాడు ఉదయసేనుడు.

పెళ్లి అంగరంగ వైభవంగా జరిగింది. ఆమె నవ్వుతుంటే బొమ్మా నవ్వింది. రాజకుమారుడికి మాత్రం మొహం మాడిపోయింది. "నేను మనసుపడింది దీన్నా?" అని గొణుక్కున్నాడు. విన్నారా చోద్యం!

"పల్లకీ పంపారా?" అని అడిగిందామె. "రేపు" అన్నాడు. మర్నాడు అడిగింది. "రేపు" అన్నాడు. మూడోనాడు దాసి వచ్చి, "అమ్మా, మీ అమ్మగారు నడిచి నడిచి కోటగుమ్మం దాకా వచ్చారు. దొరగారే వెనక్కి పంపేశారు" అంది.

మధూలిక భోరుమంది. నిలదీద్దామని పరుగెత్తి వెళితే, తడిసిన బొమ్మ ముందు కూర్చుని మురిసిపోతున్నాడు మొగుడు. వెనక్కి తిరగనైనా తిరగలేదు. "వచ్చావా? ఇంకాసేపు ఏడువు, నీకు దండం పెడతాను" అన్నాడు.

"ఆ మాంత్రికుడూ ఇలాగే బతిమాలేవాడు" అంది మధూలిక. ఒళ్లు మండిపోయింది ఆమెకు. గోడకున్న దివిటీ లాగింది. బొమ్మతో పాటు తనూ కాలిపోతానేమో అనుకుంది. అయినా అంటించింది. నూనె రంగులు కదా, భగ్గుమన్నాయి. ఆమెకు ఏమీ కాలేదు.

"నా ప్రాణం! నా ప్రాణం!" అని కేకలు పెట్టాడు రాజకుమారుడు.

చచ్చిపోయాడా అంటారా? లేదర్రా, నిక్షేపంగా బతికాడు. మధూలిక పరుగున పోయి తల్లిని దారిలోనే అందుకుంది, తెచ్చి తన గదిలో పెట్టుకుంది. ఉదయసేనుడు రాజయ్యాడు, ఆమె రాణి అయింది. చిలకాగోరింకల్లా ఉన్నారని జనం మెటికలు విరిచేవారు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఏళ్లకేళ్లు ఏలారు. ఆయన ఎదుట మాత్రం ఆమె మళ్లీ ఏడవలేదు, నవ్వనూ లేదు.