ఇరవై విఘడియలు

పేర్రాజుకు ఆ రోజు ఆకలి లేదు. గ్రహణం నాడు ఎవరూ తినరు గానీ, అతని సంగతి వేరు. సంపూర్ణ సూర్యగ్రహణం ఎప్పుడు పట్టేదీ ఈసారి లెక్క కట్టింది అతనే.

తొమ్మిదేళ్లుగా యజ్ఞన్న సిద్ధాంతిగారి దగ్గర గవ్వలు పేర్చి లెక్కలు నేర్చుకుంటున్నాడు. "ఇది సరిపోతే వచ్చే ఏడు పంచాంగం నువ్వే కడుదువుగాని" అన్నారాయన. అప్పట్నించీ పేర్రాజు కాళ్లు నేల మీద ఆనడం లేదు. "పొద్దు పొడిచిన పదకొండు గడియలకు సూర్యుడు పూర్తిగా మూసుకుపోతాడు" అని గోదావరి రేవులో నిలబడి ఊరందరికీ చాటాడు కూడా.

అడుగున సన్నటి చిల్లి ఉన్న రాగిగిన్నెను నీళ్ల గంగాళంలో వదిలితే, అది నిండి మునిగేంత సేపు ఒక గడియ. అందులో అరవయ్యో వంతు విఘడియ. దాన్ని గిన్నె లోపలి గీతలు చూసి చెప్పాలి, గీతకొక విఘడియ. ఆ గిన్నె దగ్గర కూర్చున్నది పేర్రాజు ఒక్కడే. తక్కినవాళ్లంతా పసుపునీళ్ల పళ్లేల్లో సూర్యుణ్ణి చూసుకుంటున్నారు. ఆడవాళ్లు పళ్లెంలో రోకలి నిలబెట్టి, నిలబడిందని మురిసిపోతున్నారు. డెబ్భై ఏళ్ల సిద్ధాంతిగారు మొలలోతు నీళ్లలో ఉన్నారు.

పదకొండోసారి గిన్నె మునిగింది. పేర్రాజు పక్కనున్న పళ్లెంలోకి తొంగి చూశాడు. సూర్యుడు ఇంకా గోరంత మిగిలే ఉన్నాడు.

గిన్నె మళ్లీ వదిలాడు. ఐదు గీతలు మునిగాయి, తర్వాత పది. ఎవరూ అతని వంక చూడలేదు. చూసినా ఆ గీతలు ఎవరికి తెలుస్తాయి?

ఇరవయ్యో గీత దగ్గర చీకటి పడింది.

ఊరంతా ఒక్కసారిగా కేకపెట్టింది. నల్లటి బిళ్ల చుట్టూ తెల్లటి వెలుగు విచ్చుకుంది. పట్టపగలు శుక్రుడు కనిపించాడు. సిద్ధాంతిగారైతే "ఓహో, ఓహో" అంటూ నీళ్లలో చిన్నపిల్లాడిలా గంతులేశారు. పేర్రాజు కాసేపు గిన్నెనే మరిచిపోయాడు. అంత అందం అతను జన్మలో చూడలేదు.

విడుపు స్నానాలూ, భోజనాలూ అయ్యాయి. వసారాలో పీట మీద కూర్చుని సిద్ధాంతిగారు ఒక తాటాకు, గంటం అందించారు.

"ఏం చెప్పామో, ఏం వచ్చిందో రాసెయ్యి."

'చెప్పింది పదకొండు గడియలు. వచ్చింది పదకొండు గడియలు.' పేర్రాజు రాశాడు.

సిద్ధాంతిగారు ఆకు మీద బొటనవేలు పోనిచ్చి చదువుకున్నారు. "బొత్తిగా తేడా లేదూ?"

"లేదండి."

ఆయన లోపల్నించి ఒక పాత కట్ట తెచ్చి విప్పారు. "ఇవి చదువు."

మొదటి ఆకు ఆయన తాతగారిది. 'గ్రహణం ఉందన్నాను. లేదు. ఊరంతా పస్తు.' తర్వాతది తండ్రిగారిది, గడియన్నర తేడా. సిద్ధాంతిగారిదీ ఉంది. 'ముప్పావు గడియ ముందు చెప్పాను. గిన్నె మార్చి చూశాను. తప్పు గిన్నెది కాదు, నాదే.'

తను తొమ్మిదేళ్లుగా వల్లె వేసిన దిద్దుబాట్లన్నీ ఈ ఆకుల్లోంచి వచ్చినవేనని పేర్రాజుకు అర్థమైంది. తల దించుకున్నాడు.

సిద్ధాంతిగారు లేచి, పైపంచెతో పీట తుడిచారు.

"మూడు తరాలు మావల్ల కానిది నీవల్ల అయింది. ఇక ఇక్కడ కూర్చోవలసింది నువ్వే, నాయనా."

ఆ గొంతులో వెటకారం ఏ కోశానా లేదు. అదే పేర్రాజుకు మరీ కష్టంగా తోచింది. పీట మీద కూర్చోలేకపోయాడు.

"ఆలస్యమైందండి" అన్నాడు. "ఇరవై విఘడియలు."

"ఎంతా?"

"ఇరవై."

సిద్ధాంతిగారు మొహం చేటంత చేసుకున్నారు. "ఇరవయ్యేనా! ఏమేవ్, విన్నావుటే?" అని వంటింట్లో ఉన్న భార్యకు వినబడేలా కేకేశారు. "మనవాడు ఇరవై విఘడియల దాకా వచ్చేశాడు!"

కొత్త ఆకు తీసి పేర్రాజు ముందు పెట్టారు.

"నీ పేరు పెట్టి రాయి, నాయనా. నీ తర్వాత వచ్చేవాడికి పనికొస్తుంది."