సభ వాకిట్లో మంత్రసాని

అనగనగా, సముద్రాలు దాటి వెళ్తే ఏథెన్స్ అనే పట్నం ఉండేదట తల్లీ. అక్కడ రాజు లేడు. అందరం కలిసి ఏలుకుంటున్నాం అని చెప్పుకునేవాళ్ళు. ఆ అందరిలో ఆడవాళ్ళు లేరు, బానిసలు లేరు, బయటి నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు లేరు. మరింకెవరున్నారు అంటావా? అమ్మా నాన్నా ఇద్దరూ ఆ పట్నం వాళ్ళే అయిన మగవాళ్ళు. అంతే.

ఆ పట్నం కిందికే వచ్చే పక్క పల్లెలో మిర్టో అని ఒకావిడ, మొగుడు పోయాక కొడుకు ఆర్కియాస్‌తో ద్రాక్షతోట చేసుకుని బతికేది. చిన్నప్పుడు ఆమెని సముద్రపు దొంగలు ఎత్తుకుపోయారు. పెద్దయ్యాక తిరిగొచ్చింది గానీ మాటలో పరాయి యాస మిగిలిపోయింది.

పక్కతోట లైకోన్‌కి ఆ యాస మీద అనుమానం. మొదట బావి దగ్గర అన్నాడు. ఆ తర్వాత సంతలో అన్నాడు. మూడోసారి ఊరి సభలోనే లేచి, మిర్టో ఈ ఊరి పిల్ల కాదు, ఆమె కొడుక్కి సభలో మనతో సమానంగా చెయ్యెత్తి ఓటేసే హక్కు లేదన్నాడు.

అప్పుడు ముసలి మంత్రసాని ఫానో సభ వాకిట్లోకి వచ్చి నిలబడింది. మిర్టో పుట్టగానే చేతుల్లోకి తీసుకున్నది ఆమే మరి. లోపలికి రానివ్వలేదు. ఆడదాని సాక్ష్యం చెల్లదన్నారు. ఆ తర్వాత ఆమె ఇంటికెళ్ళి, మిర్టో ఈ ఊళ్ళోనే పుట్టిందన్న మాట నువ్వయినా చెప్పమని మొగుడు డెక్సియోస్‌ని బతిమాలింది. సరేనని వెళ్ళాడు. అక్కడ ఆర్కియాస్ తరఫున లేచినవాణ్ణల్లా, ముందు నీ తల్లెవరో చెప్పు అని అడుగుతున్నారు. అది విని, తన పుట్టుక మీదా అనుమానం వస్తుందని భయపడి డెక్సియోస్ తల దించుకుని కూర్చున్నాడు.

ఆర్కియాస్ మనవాడే అంటే ఒక కుండలో, కాదంటే ఇంకో కుండలో గులకరాళ్ళు వేశారు. కాదన్న కుండే నిండింది. బయటివాళ్ళకి అక్కడ భూమి ఉండకూడదు గనక తోట పోయింది. తల్లీకొడుకులు మూట కట్టుకుని రేవు వైపు నడిచారు. ఫానో పొలిమేర దాకా వెళ్ళి, మిర్టో చెయ్యి వదల్లేక వదిలింది.

ఇంటికొచ్చాక మొగుణ్ణి తిట్టలేదు. రొట్టె పెట్టి, ఎదురుగా కూర్చుని అడిగింది.

"రేపు మన పెద్దాడి మీద అనుమానం వస్తే, వాణ్ణి కన్నది నేనేనని ఎవరు చెప్తారు? నా మాట చెల్లదు. నువ్వు నోరు విప్పవు."



ఇప్పటికీ ఆ పట్నం పేరు చెప్పి, అందరం ఏలుకుంటున్నాం అంటారు తల్లీ. అంటే అననీ. అందరూ అన్న మాట వినబడ్డప్పుడల్లా నువ్వొకసారి వాకిలి వైపు చూడు, బయట ఎవరన్నా నిలబడ్డారేమో.

కథేమో కంచి దారి పట్టింది,
నీ కంట్లో నిద్ర పుట్టింది.