పాడవ్వని కారు, కదలని సారె

మండపేట మొత్తానికి తెలివైన ఇల్లు ఒక్కటే ఉంది. ఆ మాట ఊళ్ళోవాళ్ళెవరూ అనలేదు. ఆ ఇంట్లోవాళ్ళే వాళ్ళలో వాళ్ళు అనుకుని ఖాయం చేసేసుకున్నారు. ఇంట్లో ఉన్నది ముగ్గురు. యజమాని గవరయ్య, ఆయన భార్య మంగతాయారు, ఆయన తమ్ముడు సోమలింగం. ముగ్గురిలోకీ మరీ తెలివైంది మంగతాయారు. ఈ సంగతి అన్నదమ్ములిద్దరూ ఒప్పుకుంటారు, ఆవిడైతే పెళ్ళినాడే ఒప్పేసుకుంది.

"ఎవరైనా ఒక మాట అంటే ఆ మాట ప్రకారం నడుచుకోవాలి. అందులో మన సొంత కవిత్వం కలపకూడదు. తెలివంటే అదీ," అంటుండేది ఆవిడ. ఊరంతా పాడైపోవడానికి కారణం సొంత కవిత్వమేనని ఆవిడ గట్టి నమ్మకం.

వాళ్ళకో పాత కారుంది. రంగు తెలుపని కాగితాల్లో రాసి ఉంది కాబట్టి తెలుపే. ఆ కారుకి 'దారితోడు' అనే కంపెనీ దగ్గర ఒక పథకం తీసుకున్నారు. ఏడాదికింత అని కడితే, దారిలో బండి ఆగిపోయినప్పుడు కంపెనీ వాళ్ళు మనిషిని పంపి బాగుచేయిస్తారు, లేదంటే లారీ మీద ఎక్కించి మనం చెప్పిన చోటికి చేరుస్తారు. కట్టిన రోజున ఫోన్లో అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది. "ఏడాది తిరగ్గానే దానంతటదే రెన్యూవల్ అయిపోతుంది మేడమ్. మీరేమీ చెయ్యక్కర్లేదు."

ఇంకేముంది, ఏడాది తిరిగింది. ఆ రోజు ముగ్గురూ ఏమీ చెయ్యలేదు. పొయ్యి వెలిగించలేదు. పళ్ళు తోముకోలేదు. పాలవాడు వచ్చి గేటు కొట్టి కొట్టి తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి సోమలింగం ముక్కు మీద దోమ వాలింది.

"వదినా, కొట్టొచ్చా?"

"కొడితే చేసినట్టు కాదూ? కుట్టనీ."

సాయంత్రానికి ఫోనుకి మెసేజ్ వచ్చింది, రెన్యూవల్ అయిపోయిందని. "చూశారా, మనం ఏమీ చెయ్యకపోబట్టే అయింది," అని మంగతాయారు అప్పుడు లేచి మొహం కడుక్కుంది. మొహం కడుక్కున్నాక మెసేజ్ మళ్ళీ చదివితే, బ్యాంకులోంచి పోయిన డబ్బు కిందటేడు కంటే ఎక్కువని తెలిసింది. వెంటనే కంపెనీకి ఫోన్ చేసింది.

"బండి వయసు పెరిగింది కదా మేడమ్, అందుకని రేటు పెరిగింది," అంది ఫోన్లో అమ్మాయి.

"మా మరిదికీ వయసు పెరిగిందమ్మా. వాడికి ఎవరూ ఏమీ పెంచలేదే?"

"అది నాకు తెలీదు మేడమ్. మీకు రెన్యూవల్ అక్కర్లేకపోతే గడువులోపల వద్దని చెప్పాలి. చెప్పలేదు కాబట్టి డబ్బు కట్ అయింది."

అంతే కదా, అదెంత పని అనుకుంది మంగతాయారు. మరుసటేడు గడువుకి ముందురోజు ముగ్గురూ తలంటి పోసుకుని, కారు ముందు వరసగా నిలబడి "వద్దు" అని చెప్పారు. గవరయ్యకి జలుబు చేసి గొంతు లేవలేదు. ఆయన వంతు కూడా సోమలింగమే చెప్పాడు. కారు పాపం ఏమీ అనలేదు. అనలేదంటే ఒప్పుకున్నట్టే అనుకుని లోపలికొచ్చి భోంచేశారు.

తెల్లారేసరికి మళ్ళీ డబ్బు పోయింది. ఈసారి ఇంకాస్త ఎక్కువ. మంగతాయారు కొంగు బిగించి ఫోన్ అందుకుంది.

"వద్దని చెప్పాం కదమ్మాయ్, మళ్ళీ ఎలా కోశారు?"

"ఎవరికి చెప్పారు మేడమ్?"

"కారుకి. రెన్యూవల్ కారుకే కదా అయ్యేది? ఎదురింటి వాళ్ళు సాక్ష్యం కూడా."

 ఆ అమ్మాయి గొంతు సవరించుకుంది. "మాకు చెప్పాలి మేడమ్."

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ? చెప్పమన్నారు గానీ ఎవరికి చెప్పాలో అనలేదు. తప్పు మీదే. మా డబ్బు మాకు పంపించెయ్యండి."

"వెనక్కివ్వడం కుదరదు మేడమ్. కానీ మీరేమీ నష్టపోలేదు. ఈ ఏడాదంతా మా సేవ మీదే, చక్కగా వాడుకోండి."

ఇంకేముంది. 'వాడుకోండి' అన్న మాట మంగతాయారు మనసులో పడిపోయింది. ఇన్నేళ్ళుగా డబ్బు కట్టి, కారు ఒక్కసారైనా దారిలో పాడవకపోవడం ఎంత నష్టమో ఆవిడకి అప్పుడు అర్థమైంది. ఆ రోజు నుంచి కారు సరిగ్గా నడిచినప్పుడల్లా ఇంట్లో ముగ్గురికీ బెంగ.

ఒకరోజు దేవుడు కరుణించాడు. కారు ఇంటి ముందే మొరాయించింది. గవరయ్య తాళం ఎంత తిప్పినా ఉలకదు, పలకదు. మంగతాయారు హారతివ్వడానికి కర్పూరం కూడా వెతికింది. ఫోన్ చేస్తే కంపెనీవాళ్ళు ఇంటి దగ్గరైతే రామన్నారు. కనీసం కిలోమీటరు అవతల ఆగాలట. సరే, కిలోమీటరెంత అని గవరయ్య స్టీరింగ్ పట్టుకున్నాడు, వదినామరుదులు వెనకనుంచి తోశారు. వీధి మలుపు తిరిగీ తిరగ్గానే ఆ పాడు కారు కాస్తా స్టార్టయిపోయింది. గవరయ్య బావురుమన్నాడు.

"ఏడవకండి. దీనికి మన మీద జాలి లేదు," అని ఓదార్చింది మంగతాయారు.

ఇలా ఉండగా ఆవిడకో మంచిరోజు వచ్చింది. తల సంగతి ఎలా ఉన్నా మంగతాయారు చేతుల్లో మాత్రం నిజంగానే తెలివుంది. ఆవిడ కాజా చేస్తే నోట్లో పెట్టుకోగానే పాకం నాలిక మీద జారాలి. సున్నుండ చేస్తే అచ్చు పోసినట్టుండాలి. రావులపాలెంలో రాజ్యం గారని పెద్ద కుటుంబంలో ఆవిడ ఉంది. కూతురు హారిక పెళ్ళికి సారె మొత్తం మంగతాయారునే చెయ్యమంది. కాజాలు, సున్నుండలు, అరిసెలు, లడ్లు, జంతికలు, అన్నీ డబ్బాలకెత్తి తెచ్చివ్వాలి.

"పొద్దున్న అప్పగింతలవగానే పిల్ల రాజమండ్రి బయల్దేరిపోతుంది. ఆలోపల సారె మా ఇంటికి తెచ్చిచ్చెయ్యాలి. పిల్లతోపాటు సారె వెళ్ళకపోతే అత్తారింట్లో మా పరువు పోతుంది. నువ్వు టైముకి తెచ్చావంటే మా చుట్టాల పెళ్ళిళ్ళన్నిటికీ ఇక నువ్వేనమ్మా," అంది రాజ్యం గారు.

గవరయ్య కిరాణా కొట్టు మూతపడ్డప్పటి నుంచీ మంగతాయారుకి ఒక్కటే కోరిక, గుమ్మానికి తన పేరుతో సారె మిఠాయిల బోర్డు కట్టుకోవాలని. ఈ ఒక్క సారె గట్టెక్కితే బోర్డు వచ్చేసినట్టే. అందుకే వారం రోజులు పొయ్యి దగ్గరనుంచి కదలకుండా, చేతులు కాల్చుకుని మరీ చేసింది. డబ్బాలన్నీ కారులోకి ఎక్కించాక ఆవిడకో బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది.

"ఏవండీ, దారిలో ఎక్కడో అక్కడ కారు ఎలాగూ పాడవుతుంది. కంపెనీ లారీ వచ్చి రావులపాలెం దాకా లాక్కెళ్తుంది. సారె చేరిపోతుంది, మన డబ్బూ రాబట్టుకున్నట్టవుతుంది."

"పాడవకపోతేనో?" అన్నాడు సోమలింగం.

"పాతబడిందని రేటు పెంచింది వాళ్ళే కదా? పాడవకుండా ఎక్కడికి పోతుంది?"

"మనమే ఏదైనా వైరు పీకేద్దామా?"

"ఛ, అది మోసం. దానంతటదే పాడవాలి," అన్నాడు గవరయ్య. ఆ ఇంట్లో నిజాయితీకేం లోటు లేదు.

బయల్దేరారు. ఏనాడూ లేనిది ఆ రోజు కారు పెళ్ళికొడుకులా నడిచింది. ఆలమూరు దాటింది, జొన్నాడ దాటింది, గోదావరి మీద వంతెన దాటింది. దగ్గులేదు, తుమ్ములేదు. రావులపాలెం రానే వచ్చింది. పెళ్ళిపందిరి కనిపించింది. రాజ్యం గారు గేటు దగ్గరే నిలబడి ఎదురుచూస్తోంది. వీళ్ళ కారు చూడగానే నవ్వుతూ చెయ్యి ఊపింది. మంగతాయారు కూడా నవ్వుతూ చెయ్యి ఊపింది. కారు ముందుకెళ్ళిపోయింది.

రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది. "ఏమ్మా మంగతాయారూ, ఆగకుండా అలా వెళ్ళిపోయారేం?" అంది రాజ్యం గారు.

"బండి ఇంకా పాడవలేదండీ. పాడవగానే వచ్చేస్తాం."

ఆ మాటకి అర్థం ఏమిటో తేల్చుకునే తీరిక పెళ్ళికూతురి తల్లికి ఎక్కడుంటుంది? "త్వరగా రండమ్మా," అని పెట్టేసింది.

కారుని వెనక్కి తిప్పారు. మళ్ళీ పందిరి ముందునుంచే వెళ్ళారు. మళ్ళీ చేతులూపుకున్నారు. ఈసారి రాజ్యం గారు నవ్వలేదు. వంతెన దాటి జొన్నాడ వైపు వచ్చాక కారుకి ఎట్టకేలకు దయ కలిగింది. నాలుగు కుదుపులు కుదిపి ఆగిపోయింది. ముగ్గురూ దిగి ఒకళ్ళ చేతులొకళ్ళు పట్టుకున్నారు. ఫోన్ చేసిన అరగంటకి దారితోడు లారీ వచ్చింది. లారీ డ్రైవరు లోపలికి తొంగిచూసి పెదవి విరిచాడు.

"పాడేం కాలేదమ్మా, పెట్రోలు అయిపోయిందంతే. నా దగ్గరుంది, పోస్తాను. పది నిమిషాల్లో వెళ్ళిపోవచ్చు."

"పోస్తే డబ్బివ్వాలా?"

"పెట్రోలుకి ఇవ్వాలి కదమ్మా."

"లాక్కెళ్తేనో?"

"దానికక్కర్లేదు. మీ పథకంలోనే ఉంది."

"అయితే లాగెయ్యి నాయనా. వాడుకోమన్నారు మీవాళ్ళు."

అతను ఇలాంటివాళ్ళని చాలామందినే చూసుంటాడు. లారీలోంచి గొలుసులు తీశాడు. తీసి, అలవాటుగా చెప్పే మాట చెప్పాడు. "బండిలో మనుషులుండకూడదు. విలువైన వస్తువులుంటే దించేసుకోండి. పోతే మా బాధ్యత కాదు."

అంతే. ముగ్గురూ ఆలోచనలో పడ్డారు. కారులో విలువైనది ఏముందని గవరయ్య స్టెప్నీ వైపు చూశాడు. మంగతాయారు ఆయన్ని ఎంతో జాలిగా చూసింది. వారం రోజులు చేతులు కాల్చుకుని చేసిన సారెకంటే విలువైనది ఈ లోకంలో ఇంకేముంది? ఒక్కొక్క డబ్బా పసిపిల్లని దించినట్టు దించి రోడ్డు పక్కన వరసగా పెట్టించింది. సోమలింగం తువ్వాలు మాత్రం కారులోనే వదిలేశారు. దానికంత విలువ లేదు.

"పెళ్ళిపందిరి ముందే దింపాలి సుమా," అని పదే పదే చెప్పి లారీని పంపించింది. ఖాళీ కారు వంతెనెక్కి ఠీవిగా వెళ్ళిపోయింది. డబ్బాల మీద కూచుని ముగ్గురూ తృప్తిగా నిట్టూర్చారు.

కాసేపటికి రాజ్యం గారి దగ్గర్నుంచి ఫోన్. "మీ కారొచ్చింది. లోపల పాత తువ్వాలుంది. సారె ఏదమ్మా?"

"భద్రంగా మా దగ్గరే ఉందండీ. కారు టైముకే చేరిందిగా?"

"అప్పగింతలైపోయాయి. దుర్ముహూర్తం వస్తోందని పిల్ల ఉత్తచేతుల్తో కారెక్కేసింది," అంటూ రాజ్యం గారు ఏడ్చేసింది.

 మంగతాయారు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుమ్మం మీద కట్టని బోర్డు కళ్ళముందే ఊడిపోయింది. కంపెనీకే ఫోన్ చేసింది.

"అమ్మాయ్, దారిలో ఆగిపోయింది. లారీ పంపించు."

"ఏమాగిపోయింది మేడమ్?"

"సారె."

"బండి ఎక్కడుంది మేడమ్?"

"అది మీరే పట్టుకుపోయారు కదా."

ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసింది. గవరయ్య ఏం చెయ్యాలో తోచక ఒక డబ్బా మూత తుడుస్తున్నాడు. సరిగ్గా అప్పుడే వంతెన మీదనుంచి పూలు కట్టిన కారు ఒకటి దిగొచ్చి, వీళ్ళని దాటి, వెనక్కొచ్చి ఆగింది. కిటికీ అద్దం దిగింది. లోపల ఏడ్చి ఏడ్చి కళ్ళుబ్బిన పెళ్ళికూతురు హారిక.

"పిన్నిగారూ, దొరికారా? హమ్మయ్య. మా డిక్కీ ఖాళీయే, పెట్టించెయ్యండి."

పెళ్ళికొడుకు తానే దిగి డిక్కీ తెరిచాడు. సోమలింగం సంతోషంగా ఒక డబ్బా ఎత్తాడు.

"దించు," అంది మంగతాయారు.

"అదేంటి వదినా?"

మంగతాయారు హారిక వైపు తిరిగింది. "మీ అమ్మగారు నాతో ఏమన్నారమ్మా? 'సారె మా ఇంటికి తెచ్చివ్వాలి' అన్నారు. జొన్నాడ రోడ్డు మీద ఇవ్వమన్లేదు."

"అమ్మకి నేను చెప్తాను పిన్నిగారూ. ఇది నాకోసం చేసిందే కదా?"

"నీకోసమే తల్లీ. అందుకే మీ ఇంటికి చేర్చాలి. మధ్యలో ఎవరడిగినా ఇచ్చేస్తే రేపు నన్నెవరు నమ్ముతారు?" అని మంగతాయారు ఆ పిల్ల తల నిమిరి, పదికాలాలు చల్లగా ఉండమని దీవించి పంపించేసింది. హారిక వెనకద్దంలోంచి చూస్తూనే ఉంది, కారు కనుమరుగయ్యేదాకా.

ఆ తర్వాత రెండు ఆటోలు మాట్లాడుకుని రావులపాలెం చేరారు. పందిరి విప్పేస్తున్నారు. రాజ్యం గారు మెట్టు మీద కూలబడి ఉంది. మంగతాయారు డబ్బాలన్నీ ఆవిడ ముందు వరసగా పేర్పించి, మూతలు తీసి, నుదుటి చెమట తుడుచుకుంది.

"చూసుకోండి రాజ్యం గారూ, ఒక్క కాజా విరగలేదు. దారిలో మీ అమ్మాయి కారాపి మరీ అడిగిందండీ, ఇచ్చెయ్యమని. నేనిస్తానా? తెచ్చి మీ చేతికే ఇస్తానన్నాను, ఇచ్చాను."