మైలమ్మ పొలంలో రాళ్ళు

కొమ్మయ్యగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు ఒక పని చెప్పేవారు. పని చేసి వచ్చాక సగం మంది ఆ ప్రశ్న మళ్ళీ ఎత్తేవారు కారు. ఎత్తినవాళ్ళకు ఆయన ఇంకో పని చెప్పేవారు.

ఆయన శిష్యుల్లో దోనయ అనేవాడు రాజుగారి కొలువులో శాసనాలు రాసేవాడు. చెయ్యి తిరిగిన కవి. బిరుదుల దగ్గరకొస్తే అతని గంటానికి పట్టపగ్గాలుండేవి కావు. పదేళ్ళలో ఆ రాజ్యం రెండింతలైంది. ఆ విజయాలన్నిటినీ రాళ్ళకెక్కించింది దోనయే. ఇప్పుడు రాజుగారు ఏరు దాటి అవతలి దేశం మీదికి వెళ్ళబోతున్నారు. దేశం విస్తరిస్తే ప్రజలకు ఎంత మేలో చెబుతూ ఒక శాసనం కావాలన్నారు. రాయడానికి కూర్చున్న దోనయకు మొట్టమొదటిసారి గంటం కదల్లేదు. తిన్నగా గురువుగారి దగ్గరికి వచ్చాడు.

"గురువుగారూ, దేశం పెరిగితే వచ్చేది ఎక్కువా, పోయేది ఎక్కువా? మీరు తూచి చెప్పండి. మీ మాటే రాస్తాను."

కొమ్మయ్యగారు చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. తలెత్తలేదు.

"గుండ్లవాగులో మైలమ్మ అని ఒకామె ఉంది. ఆమె పొలంలో నువ్వు రాసిన రాళ్ళు రెండున్నాయి. పాపం, చదువు రాదు. వెళ్ళి చదివి వినిపించిరా" అన్నారు.

ఆ రాళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. ఆ రాజ్యంలో యుద్ధంలో చచ్చినవాడి ఇంటికి పన్ను లేని భూమి ఇచ్చేవారు. దాన్ని రక్తమాన్యం అనేవారు. పేరు మాత్రం నిజాయితీగానే పెట్టారు. పొలం గట్టున ఒక రాయి పాతి, ఆ భూమి ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో, నాలుగు హద్దులేవో చెక్కించేవారు. అడుగున ఒక శాపం ఉండేది: ఈ భూమిని తిరిగి తీసుకున్నవాడు అరవై వేల ఏళ్ళు పెంటలో పురుగై పడి ఉంటాడని. మాన్యం అనుభవించే ఇంటికి ఒకటే షరతు. కొలువు నుంచి పిలుపు వచ్చినప్పుడల్లా ఒక మనిషిని పంపాలి.

దోనయ వెళ్ళేసరికి మొదటి రాయికి మేకను కట్టేసి ఉంది. అతని మనసు చివుక్కుమంది. చుట్టూ చూశాడు. పుట్టెడు గింజలు చల్లగల నేల ఒక పక్క, అంతే నేల ఇంకో పక్క. రెండిట్లోనూ తుమ్మ మొక్కలు నడుమెత్తు లేచి ఉన్నాయి. గుడిసె వెనక ఒక చిన్న మడి మాత్రం దున్ని ఉంది.

మైలమ్మ మేకను విప్పి పక్కకు లాగి, రాయి ముందు చేతులు కట్టుకుని నిలబడింది. దోనయ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. రాజుగారి వంశం, వాళ్ళ తాత పరాక్రమం, ఆయన గుర్రాల డెక్కల దుమ్ముకు సూర్యుడు మసకబారిన వైనం, పద్దెనిమిది వరుసలు గడిచాయి. ఆమె గుడిలో నిలబడ్డట్టు వింటూనే ఉంది. అతను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు మెల్లగా అడిగింది.

"మరి మావాడెప్పుడొస్తాడు నాయనా?"

దోనయ రాయి మీద వేలు బాగా కిందికి జరిపాడు. "ఇదిగోనమ్మా. 'బంటు కాటయకు' అని ఉంది."

"అంతేనా?"

"అంతేనమ్మా."

రెండో రాయిలో ఆమె రెండో కొడుకు సూరయ కూడా దాదాపు అక్కడే ఉన్నాడు. ఈసారి దోనయ బిరుదులన్నీ దాటేసి ముందు ఆ పేరే చూపించాడు. ఆ పద్దెనిమిది వరుసలూ రాసుకుని తను ఎన్నాళ్ళు మురిసిపోయాడో గుర్తొచ్చి అతనికి సిగ్గేసింది.

అప్పుడామె తన గోడు చెప్పుకుంది. మూడోవాడు పోలయకు పిలుపు వచ్చింది. ఎల్లుండే బయలుదేరాలి.

"ఇద్దరు పోతే రెండు చేలొచ్చాయి. దున్నేవాళ్ళు పోయి చేలొస్తే ఏం చేసుకోను నాయనా? నువ్వు రాజుగారి దగ్గర రాసేవాడివి కదా, ఈ భూమంతా తీసేసుకోమని రాసిపెట్టు. మాన్యం లేకపోతే పిలుపూ ఉండదు. నా పిల్లాణ్ణి నాకొదిలెయ్యమను. వీడొక్కడే ఉన్నాడు."

ఇంత న్యాయమైన కోరికను ఎవరు కాదంటారనుకున్నాడు దోనయ. అక్కడికక్కడే తాటాకు మీద రాసి, ఆమెను వెంటబెట్టుకుని కోటకు వెళ్ళాడు. కోట అధికారి మర్యాదస్తుడు. కవిగారు వచ్చారని లేచి నిలబడి పీట వేయించాడు. ఆకు చదివి చిన్నగా నవ్వాడు.

"తిరిగి తీసుకున్నవాడు పురుగవుతాడని తమరే రాశారు. మా ప్రభువును పురుగును చేయమంటారా కవిగారూ?"

"అది ప్రతి శాసనంలోనూ రాసేదేనండీ. ఏదో ఆనవాయితీగా..."

"ప్రతి శాసనంలోనూ ఉంది కాబట్టే అది కట్టుబాటయింది. ఇచ్చిన భూమి వెనక్కి తీసుకునే వీల్లేదు. మాన్యం ఉన్నంతకాలం మనిషిని పంపక తప్పదు."

"అయితే ఆ రాళ్ళు నేనే పీకి వాగులో పారేస్తానయ్యా" అంది మైలమ్మ.

"రాయిని కదిలించినవాళ్ళకు వేరే శాపం ఉందమ్మా. అదీ వీరే రాశారు."

మైలమ్మ దోనయ వైపు తిరిగింది. ఆమె గొంతులో నిష్ఠూరం కూడా లేదు. తెలుసుకుందామన్నట్టే అడిగింది.

"ఏం రాశావు నాయనా, అంత గట్టిగా?"

ఇద్దరూ వెనక వాకిట్లోంచి బయటికి వచ్చారు. అక్కడ పందిళ్ళ కింద ఉలుల చప్పుడు. రాళ్ళు వరుసగా పేర్చి ఉన్నాయి. మేస్త్రీ దోనయను చూసి సంతోషంగా ఎదురొచ్చాడు.

"మంచి వేళకొచ్చారయ్యా. బిరుదులు పోయినసారివే ఎక్కించాం. కింద శాపం కూడా అయిపోయింది. మొత్తం నలభై. మనిషి పేరుకు మాత్రం చోటు వదిలాం. యుద్ధం అయ్యాక తమరు పేర్లు పంపారంటే చెక్కేసి బళ్ళ మీద ఊళ్ళకు తోలేస్తాం."

ఏ రాయి ఏ ఊరికో పైన చెక్కి ఉంది. దోనయ వద్దనుకుంటూనే ఒక్కొక్కటీ చదువుకుంటూ వెళ్ళాడు. చివరి వరుసలో గుండ్లవాగు కనిపించింది. ఆ ఊరికి ఒకటే రాయి. ఆ ఊళ్ళో పిలుపు వచ్చింది పోలయ ఒక్కడికే.

మైలమ్మ ఆ రాయి దగ్గరే ఆగింది. తన గట్టు మీద ఉన్నటువంటిదే కదా అని చేత్తో తడిమి చూసింది. అక్షరాల గరుకు దాటి ఆమె అరచెయ్యి నున్నగా ఉన్న చోట నిలిచింది.

"ఇదెవరిది నాయనా?"

"ఇంకా ఎవరిదీ కాదమ్మా" అన్నాడు దోనయ.

పోలయ పిలుపులో చెప్పిన రోజునే బయలుదేరి వెళ్ళాడు. ఆ సాయంత్రం దోనయ గురువుగారి ముందు కూర్చుని జరిగిందంతా చెప్పాడు. చెబుతూ రెండుసార్లు ఏడ్చాడు. ప్రశ్న మాత్రం మళ్ళీ అడగలేదు. కొమ్మయ్యగారే అడిగారు.

"రాళ్ళు ఎన్నన్నావు?"

"నలభై."

"అయితే నన్ను తూచమంటావేం నాయనా? వాళ్ళు తూచే ఉంచారు. నువ్వు పేర్లు రాయడమే మిగిలింది."