పాట పొడుగు, తోలు మందం

ఊఁ కొట్టే చెవి ఉంటేనే కథకు కాళ్ళు వస్తాయని మా ఇంట పెద్దలంటారు. నిద్ర రాని పిల్లలైనా, నిద్ర మరచిన పెద్దలైనా ఊఁ కొట్టండి. అనగా అనగా, మరీ అంత అనగా కాదు, చేతిచేతికీ సెల్‌ఫోను వచ్చిన కాలంలోనే, ధర్మవరానికి అవతల చిత్రావతి ఒడ్డునున్న ఒక పల్లెలో ఖండేరావు అనే గురువు ఉండేవాడు. తోలుబొమ్మలు చెయ్యడం, ఆడించడం ఆయన విద్య. ఆయనకొక అలవాటు. ఎవరేమడిగినా నోటితో బదులు చెప్పేవాడు కాదు. అడిగినవారి చేతికే ఒక పని అప్పగించేవాడు. ఎర్రరంగు ఎంత చిక్కగా కలపాలని అడిగిన ఒక శిష్యుడి చేత ఒకసారి గంపెడు దానిమ్మగింజలు ఒలిపించాడట. ఒలవడం ముగిశాక ఆ శిష్యుడు తన వేళ్ళకేసి చూసుకుని, మారుమాట లేకుండా లేచి వెళ్ళి రంగు కలుపుకున్నాడట.

ఆ గురువుగారి కడపటి శిష్యురాలు చౌడేశ్వరి. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటి పిల్ల. ఏడో తరగతిలో ఉండగా బడిలో జరిగిన బొమ్మలాట చూసి, తెర ముందు కూర్చున్నది కాస్తా తెర వెనక్కి నడిచి, మళ్ళీ ముందుకు రానే లేదు. అప్పటినుండి సెలవు దొరికితే చాలు, బస్సెక్కి గురువుగారి వాకిట వాలేది. ఇప్పుడా పిల్ల పెద్దదై, బొమ్మలను కంప్యూటరులో కదిలించే చదువుకు హైదరాబాదు వెళ్ళబోతున్నది. ఊళ్ళు బొమ్మలాటను పిలవడం మానేసిన కాలమది. పిలుపు రాని బొమ్మలను అటకమీది పెట్టెలో నుండి కంప్యూటరు పెట్టెలోకి నడిపించాలని ఆమె కోరిక. ఆ కోరికను గురువుగారికి చెప్పిన రోజున ఆయన అవుననలేదు, కాదనలేదు. పాత బొమ్మలకు కొత్త నూలుతాళ్ళు కట్టే పని అప్పగించాడు. ఆమె దాన్ని దీవెన కిందనే లెక్కవేసుకుంది.

వేసవి ముగుస్తున్న ఒక మధ్యాహ్నం చౌడేశ్వరి చెమటలు కక్కుతూ వచ్చి అరుగుమీద కూలబడింది. గురువుగారు ఉలితో మేకతోలుకు చిల్లులు కొడుతున్నాడు. ఆయన భార్య అంబుజాబాయి పక్కనే కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్నది.

"అయివారూ, ఒక మాట అడగల్ల," అంది చౌడేశ్వరి.

"అడుగు మే, అడుగు," అంది అంబుజాబాయి ముందుగానే. "పోయిన తూరి అడిగినదానికి మా గోడలన్నీ అలికిపోయినావు. ఈ తూరి వంటిల్లు మిగిలుండాది."

చౌడేశ్వరికి నవ్వు రాలేదు. ఆమె కష్టం ఆమెది. పొద్దున అన్న నాగభూషణంతో కలిసి బజారులో లాప్‌టాపులు అమ్మే దుకాణానికి వెళ్ళింది. అన్న బెంగళూరులో బండి నడుపుతాడు. మర్నాడు తెల్లవారితే అతడు తిరిగి వెళ్ళిపోవాలి. "నాలుగేండ్ల చదువుకు ఒకటే మిషను చెల్లీ. బాగా చూసుకుని తీసుకో. మళ్ళా నావల్ల కాదు," అని చెప్పాడు. చూసి చూసి ఆమె రెంటి దగ్గర ఆగిపోయింది. దీపాలు పెట్టే వేళదాకా ఆ రెంటినీ పక్కన పెట్టి ఉంచుతానని దుకాణదారు మాట ఇచ్చాడు. అన్నను అక్కడే కూర్చోబెట్టి ఆమె ఇక్కడికి పరుగెత్తుకొచ్చింది.

"రెండూ ఆటల లాప్‌టాపులే అయివారూ. రెండూ పలుచనివే. కాకపోతే ఒకటి మరీ అట్టముక్క మాదిరి ఉండాది. ఇంకోటి రవ్వంత మందం, రవ్వంత బరువు, వెనకాల గాలికని చీలికలు చీలికలుగా ఉండాది."

"చదువుకు పోతా ఆటలది యాల మే?" అంది అంబుజాబాయి.

"ఆడుకునేదానికి కాదవ్వా. బొమ్మ కదిలించే పనికి ఆ బలమే కావల్ల. పగలంతా కాలేజీ. సాయంత్రం ఒక కంపెనీ వాళ్ళకి బొమ్మలు చేసిస్తానని ఒప్పుకున్నా. ఆ పని నిలిస్తేనే నా హాస్టలు నిలుస్తాది. నడాన మిషను మొరాయించిందంటే పనీ లేదు, చదువూ లేదు; మళ్ళా వచ్చి మగ్గం గుంటలో కూర్చోవల్ల."

"ఆటదే కొనుక్కోనియ్యి లేవే," అన్నాడు గురువుగారు తల ఎత్తకుండా. "మనదీ ఆటే గదా." ఉలి పక్కన పెట్టి అడిగాడు. "ఏది మనసుకెక్కింది పాపా?"

"పలుచంది అయివారూ."

"ఎట్ల చూస్తివి?"

చౌడేశ్వరి తల వంచుకుంది. "రెండు చేతులా ఎత్తి, ట్యూబులైటుకు అడ్డం పెట్టి చూసినా. షాపాయన నవ్వినాడు. 'ఏందమ్మా, ఆ పక్క దీపం కనపడతాందా?' అన్నాడు."

గురువుగారు పకపకా నవ్వాడు. ఆయన అలా నవ్వి ఎన్నాళ్ళయిందోనని అంబుజాబాయి చింతపండు వదిలి ఆయన ముఖంలోకి చూసింది. తోలు కొనేటప్పుడు వెలుగుకు ఎత్తి చూడడం ఆ ఇంటి విద్య. ఆయన తండ్రి ఆయనకు నేర్పింది, ఆయన ఈ పిల్లకు నేర్పింది. అది దుకాణందాకా నడిచి వెళ్ళినందుకు ఆయనకు సంతోషమే కలిగి ఉంటుంది. నవ్వు ఆగాక కళ్ళు మాత్రం చెమర్చాయి.

"అటకమీద మా నాయన పెట్టె ఉండాది. దించుకోని రా," అన్నాడు.

పెట్టె మూత తీయగానే ఎండిన వేపాకు వాసన, పాత తోలు వాసన, వాటి అడుగున ఎన్నడో ఆరిపోయిన ఆముదపు దీపాల మసి వాసన కలగలిసి గదంతా నిండాయి. అంబుజాబాయి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోలేదు. పైగా ఒకసారి గట్టిగా పీల్చింది. ఆ వాసనలో ఆమె కాపురానికి వచ్చిన నాటి బండిబాటలున్నాయి. కోతలయ్యాక రెండెద్దుల బండి మీద ఊరూరూ తిరగడం, ఏ ఊరి చాకలి ఇచ్చిన తెల్లచీరలనో జతచేసి తెర కుట్టడం, పసిబిడ్డను బొమ్మల పెట్టె మీద పడుకోబెట్టి పాట అందుకోవడం, కాలి కింద చెక్కపలక టకటకమంటే తెర అవతల జనం ఒక్కసారిగా మాటలాపేయడం. గురువుగారు చాపల మడతల మధ్యనుంచి రెండు బొమ్మలు తీశాడు. రెండూ నర్తకి బొమ్మలే. ముఖం ఒకటే, నగలు ఒకటే, నడుము వంపు ఒకటే. ఒకటి పలుచన, ఒకటి మందం.

"దరువు పాటకు ఆడించల్ల. ఎంచుకో."

చౌడేశ్వరి రెంటినీ కిటికీకి ఎత్తి చూసింది. మందపు నర్తకిలో ఎరుపు గోధుమరంగుకు తిరిగింది. పలుచటి నర్తకి ఎండ తగలగానే మోదుగపువ్వులా మండింది. ముక్కెర చుట్టూ కొట్టిన సన్నని చుక్కలనుండి కూడా వెలుగు కారింది. ఆమె ఆలోచించనే లేదు. దాన్నే అందుకుంది.

తలుపులు మూశారు, కిటికీకి దుప్పటి కట్టారు. తెల్లచీర తెరగా నిలిచింది. మామూలుగా నేర్చుకునేటప్పుడు చిన్న బల్బు చాలు; ఆనాడు గురువుగారు పాత పెట్రోమాక్సు దీపాన్ని తుడిచి, గాలి కొట్టి వెలిగించి, తెర వెనక వేలాడదీశాడు. అది బుసబుసమంటూ తెల్లగా వెలిగింది. తాను తెర ముందుకు వెళ్ళి, జనంలో ఒకడిలా నేలమీద కూర్చున్నాడు.

"యాడిదాకా పాడల్ల?" అని అడిగింది అంబుజాబాయి తెర పక్కనుండి.

"కడాకు," అన్నాడాయన.

మొదటి చరణంలో చౌడేశ్వరి ఒళ్ళు మరచిపోయింది. చేతిలో బొమ్మ ఉన్నట్టే లేదు. మణికట్టు తలచుకుంటే చాలు, నర్తకి తిరిగేది. తెరమీద అంత ఎరుపును ఆమె ఎన్నడూ చూడలేదు. తెర అవతల గురువుగారు "శభాష్" అనడం వినిపించింది. రెండో చరణం సగానికి వచ్చేసరికి నర్తకి పైట చెంగు తెరనుండి కొద్దిగా లేచింది. చౌడేశ్వరి బొమ్మను పట్టి ఉంచిన వెదురుబద్దను ఇంకాస్త అదిమింది. చెంగు అణిగింది, పాదం లేచింది. పాదాన్ని అదిమితే చెయ్యి లేచింది. దీపపు వేడికి తోలు ముడుచుకుంటున్నది. అంబుజాబాయి గొంతు ఆగలేదు. మూడో చరణంలో నర్తకి తిరగబోయి, ముడుచుకున్న మోచెయ్యి చీర పోగులకు తగులుకుని, తిరగలేక నిలబడిపోయింది. తెరమీద ఎర్రని మనిషి లేదు. ఒక మసక ముద్ద ఉంది.

"పాట నడస్తాంది పాపా," అన్నాడు గురువుగారు అవతలినుంచి.

చౌడేశ్వరి గబగబా మందపు నర్తకిని అందుకుంది. అది బరువు. రంగు మందగించింది. తిరగమన్న చోట అరక్షణం ఆలస్యంగా తిరిగింది. నాలుగో చరణానికే ఆమె మణికట్టు లాగింది, అయిదో దానికి భుజం మండింది. కానీ ఆ నర్తకి తెరను అంటిపెట్టుకునే ఉంది. అంబుజాబాయి మంగళం పలికేదాకా పాదం ఎత్తమంటే ఎత్తింది, దించమంటే దించింది.

దీపం ఆర్పి తలుపులు తెరిచాక చూస్తే, పలుచటి నర్తకి ఎండుటాకులా చుట్టుకుని పడి ఉంది. చౌడేశ్వరికి దుఃఖం ముంచుకొచ్చింది. "మీ నాయన చేసిన బొమ్మను చెడగొట్టినా అయివారూ."

"ఏం చెడలేదు. సల్లబడితే లేస్తాది." ఆయన దాన్ని తడిచేతితో మెల్లగా నిమిరి, చాపల నడుమ పరిచి, పైన తోలు చెక్కే పీట పెట్టాడు. "దానిమీద తప్పేముండాది?"

"నిలబడదని తెలిసీ పెద్దాయన దీన్ని యాల చేసినాడు?"

"పెండ్లిండ్లలో పిలిచి ఒక్క చరణం ఆడమనేటోళ్ళు. ఆ ఒక్క చరణానికి దీన్ని మించింది లేదు. ఊర్లలో తెల్లార్లూ ఆట అంటే అది." ఆయన మందపు బొమ్మను తడిమాడు. "రెండూ ఒక్క మేక తోలే పాపా. ఒకదాన్ని ఎక్కువ గీకినాడు, అంతే."

చౌడేశ్వరి పీటకేసి ఒకసారి చూసి, అన్నకు ఫోను చేసింది.

"ఏం మే, తేలిందా? ఈడ షాపాయన నన్ను కిందకీ పైకీ చూస్తాండాడు," అన్నాడు నాగభూషణం.

"తేల్లేదన్నా. రెంటిలోనూ పొద్దున చూపిచ్చిన ఆ కార్ల ఆట పెట్టిచ్చి అట్లే వదిలెయ్. నేనొచ్చేదాకా ఆపనియ్యొద్దు."

"తిడతాడే."

"టీ ఇప్పించు."

ఆమె దుకాణం చేరేసరికి రెండు తెరలమీదా కార్లు ఇంకా పరుగెత్తుతూనే ఉన్నాయి. మందపుది పెట్రోమాక్సులా బుసకొడుతున్నది. పొద్దున ఆ చప్పుడుకే ఆమె ముఖం చిట్లించింది. ఇప్పుడా చప్పుడు కొంత చుట్టపు గొంతులా వినిపించింది. అరచెయ్యి ఆనించింది. వెచ్చగా ఉంది, బొమ్మ మాత్రం తడబడడం లేదు. పలుచటిదాని మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది. దాని తెరమీద కార్లు ఉండి ఉండి ఆగి, ఎగిరి, మళ్ళీ ఆగుతున్నాయి. ఆమె దాని మూతను తానే దించింది. దించాక కూడా కాసేపు దాని నున్నని వీపుమీద చెయ్యి ఉంచింది, చల్లబడనిమ్మన్నట్టు. అది ఎవరి చేతికి చేరినా ఒక్క చరణపు పనికే చేరాలని మనసులో అనుకుంది.

దీపాల వేళకు కొత్త సంచి భుజాన వేసుకుని, అన్న బండి మీద మళ్ళీ పల్లెకు వచ్చింది. గురువుగారు ఏది కొన్నావని అడగలేదు. సంచిని ఒక చేత్తో ఎత్తి చూశాడు.

"బరువే."

"బరువే అయివారూ."

ఆయన పీట తొలగించి, చాపల నడుమనుంచి పలుచటి నర్తకిని బయటికి తీశాడు. అది మునుపటిలా సాపుగా, నడుము వంచి, నవ్వుతూ ఉంది. దాన్ని పాత పంచెగుడ్డలో చుట్టి, సంచిలో లాప్‌టాపు పక్కన నిలిపాడు. నాలుగు తరాల బొమ్మల పెట్టెలోంచి ఒక బొమ్మ ఇంటి గడప దాటి పరాయి చేతికి వెళ్ళడం అదే మొదలు. అంబుజాబాయి లోపలికి వెళ్ళి గుప్పెడు వేపాకు తెచ్చి ఆ గుడ్డ మడతలో దోపింది.

చౌడేశ్వరి ఇద్దరి పాదాలకూ మొక్కి లేచింది. గడప దగ్గర ఆగి, చిన్నపిల్లలా ముఖం పెట్టి అంది. "ఇంత ఆట ఆడించేదానికి బదులు, బరువైనా మందందే కొనుక్కో పాపా అని మధ్యాహ్నమే ఒక్క మాట చెప్పొచ్చు గదా అయివారూ?"

గురువుగారు మళ్ళీ ఉలి చేతికి తీసుకున్నాడు.

"నీ పాట పొడుగెంతో నాకేం తెలుసు పాపా? పాడేది నువ్వు గదా."

కథ కంచికి వెళ్ళే బండెక్కింది. మనం మన గడపలు చేరుకుందాం. దీన్ని నాకు మొట్టమొదట చెప్పింది, ఆనాడు తెర పక్కన కూర్చుని, గొంతు బొంగురుపోతున్నా ఒక్క చరణం విడిచిపెట్టకుండా కడాకు పాడిన మా అమ్మమ్మ అంబుజాబాయి.