పూతరేకుల పళ్ళాలమ్మ మోకాళ్ళు

దా, దిండు ఇటు జరుపుకో. చేతులు కడుక్కున్నావా? సరే, విను.

అనగనగా గోదారి పాయ పక్కన ఒక లంక ఊళ్ళో పళ్ళాలమ్మ అని ఒకావిడ ఉండేది. పూతరేకులు చేసేది. నేల మీద పొయ్యి, పొయ్యి మీద బోర్లించిన కుండ. బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి ఆ వేడి కుండ మీద ఒక్కసారి లాగితే రేకు లేచి వచ్చేది. ఊదితే ఎగిరిపోయేంత పల్చన. ఆ వీధిలో అందరూ రేకులు చేసేవాళ్ళే. అయినా పెళ్ళివారు తన గుమ్మం దగ్గరే ఆగుతారని చెప్పుకునేది. ఎవరూ అడక్కుండానే చెప్పేదిలే.

ఒకరోజు పీట మీంచి లేవబోతే మోకాలు లేవనివ్వలేదు. పటపటమంది. ఎలాగో లేచింది గానీ ఎవరికీ చెప్పలేదు. మోకాళ్ళు పోతే రేకులూ పోయినట్టేనని భయం. కాపురానికొచ్చిన ఏడు పట్టిన గుడ్డ అది. దాన్ని వదిలేసి ఎలా బతకాలో ఆవిడకి తెలీదు.

అప్పుడు ఇది దిష్టి అనుకుంది. ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. దిష్టి ఉంటే ఘాటు రాదంటారు కదా, ఇక్కడ ఇంటిల్లిపాదీ దగ్గలేక చచ్చారు. నొప్పి మాత్రం పోలేదు.

ఆ తర్వాత ఇది వాతం అనుకుంది. వంకాయ మానేసింది, దుంపలు మానేసింది, గోంగూర కూడా మానేసింది. నోరు చప్పబడింది గానీ నొప్పి పోలేదు.

ఆ తర్వాత, కదిలితేనే కదా నొప్పి అని మంచం ఎక్కింది. నెల్లాళ్ళు దిగలేదు. కాళ్ళు బిగుసుకుపోయి నొప్పి ఇంకా పెరిగింది.

నవ్వకు. పెద్దవాళ్ళం కూడా ఇలాంటి పనులు చేస్తాం. నేనూ చేశాను.

అప్పుడు కోడలు వరం ఆవిణ్ణి ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ మోకాలు వంచి చూసింది, ఎక్స్‌రే తీయించింది.

"ఎముకకీ ఎముకకీ మధ్య మెత్తటి పొర ఉంటుందండి. మీకది అరిగింది. వయసు కొంత, ఒళ్ళు కొంత, రోజంతా మోకాళ్ళు ముడుచుక్కూర్చోవడం కొంత. అరిగింది తిరిగి రాదు. ఉన్నది కాపాడుకుందాం."

"మరి నా రేకులో?" అంది పళ్ళాలమ్మ.

"రేకులు మానొద్దు, నేల మానండి. రోజూ కుర్చీలో కూర్చుని కాలు చాపి, పది లెక్కపెట్టి దించండి. తొడలో బలం వస్తే మోకాలికి శ్రమ తగ్గుతుంది. కాస్త కాస్త నడవండి. బిళ్ళలు మాత్రం నేను రాసినన్నాళ్ళే."

దారి పొడుగునా పళ్ళాలమ్మ గొణుగుతూనే ఉంది. కుండ నేల విడిస్తే రేకు రాదని వాళ్ళత్తగారు చెప్పిందట. వరం మాత్రం ఇంటికి రాగానే ఇటుకలతో కుర్చీ ఎత్తుకి సరిపడా దిమ్మ కట్టించి, పొయ్యి దాని మీదికి ఎక్కించింది.

పళ్ళాలమ్మ మూతి ముడుచుకునే కుర్చీలో కూర్చుంది. మొదటి రేకు చిరిగింది. రెండోది అప్పడంలా మందంగా వచ్చింది. ఆవిడకి కళ్ళనిండా నీళ్ళు.

"అత్తయ్యా, మీ చెయ్యి ఇంకా కిందికే పోతోంది. మోచెయ్యి కాస్త ఎత్తండి," అంది వరం.

మూడో రేకు చెక్కుచెదరకుండా లేచింది. దాన్ని ఎత్తి పట్టుకుంటే అవతల వరం నవ్వు మొహం కనిపించింది.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ దిమ్మ చూడ్డానికి వీధిలో ఆడవాళ్ళంతా వచ్చారు. చూశారు, చాటుగా ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

"వరం, మాకూ ఒకటి కట్టించి పెట్టమ్మా," అంది పక్కింటి వీరాయమ్మ.

"నీకేమొచ్చిందే?" అంది పళ్ళాలమ్మ.

"మోకాళ్ళే వదినా. నాలుగేళ్ళయింది. నీకు చెబితే లోకువైపోతానని చెప్పలేదు."

ఆ వెనకావిడా అదే మాట అంది, ఆ వెనకావిడా అదే. పళ్ళాలమ్మకి నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. ఆ నొప్పి తనొక్కదానికేనని ఇన్నాళ్ళూ దాచుకుంది మరి. ఆవిడ లేచి, తన కుర్చీ వీరాయమ్మ వైపు జరిపింది.

"ముందు నువ్వు కూర్చో," అంది.

కథ కదిలి కంచికి చేరె,
కునుకొచ్చి కంట్లోకి దూరె,
దీపం సన్నగా చేసుకో,
దుప్పటి నిండా కప్పుకో.