ఎస్తేరమ్మగారింట తేనీరు

శిష్యులు ఏమడిగినా వింధ్యావళిగారు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అపరాధ పరిశోధక నవలలు రాస్తూనే తల నెరిసిన ఆవిడకు, తేల్చి చెప్పడమంటే ఇష్టముండేది కాదు. "పద, అలా వెళ్లొద్దాం" అని చెప్పులు తొడుక్కునేవారు.

చారుమతి ఉద్యోగం మానుకుని, భీమిలిలోని ఒక పాత బంగళా చుట్టూ తిరిగే హత్యల నవలల వరుస మొదలుపెట్టింది. మొదటి పుస్తకం ఆవిష్కరణ వచ్చే ఆదివారమే. గురువుగారిని పిలవడానికి వచ్చి, మనసులోని భయం బయటపెట్టింది.

"హంతకుడెవరో మొదటి పుస్తకంలోనే తెలిసిపోతుందండీ. రెండోసారి అదే ఇంటికి పాఠకులు ఎందుకొస్తారు?"

"పద. ఒకరింట్లో నన్ను టీకి పిలిచారు."

సముద్రానికి ఎదురుగా, గోడలకు నాచు పట్టిన బంగళా అది. ఇంటావిడ ఎస్తేరమ్మగారు గుమ్మంలోకి వచ్చి, చారుమతి రెండు చేతులూ పట్టుకుని లోపలికి తీసుకెళ్లారు. బల్ల దగ్గర ఆవిడ మరిదీ, ఊళ్లోని ముసలి డాక్టరూ అప్పటికే కూర్చుని ఉన్నారు. వేడి గారెలు, అల్లం టీ వచ్చాయి. మరిదిగారు పెళ్లిలో గొడుగు పోగొట్టుకున్న కథ చెబుతుంటే అందరూ పడీపడీ నవ్వారు. చారుమతికి ఎన్నాళ్లుగానో ఎరిగిన ఇల్లులా అనిపించింది. అప్పుడు చూసింది: బల్ల చివర ఖాళీ కుర్చీ, దాని ముందు పొగలు కక్కుతున్న కప్పు.

"మావారిదమ్మా," అన్నారు ఎస్తేరమ్మగారు. "ఏటా ఈ రోజున పోస్తాను. ఇలాగే మేమందరం కూర్చుని ఉండగా తాగి, ఆ కుర్చీలోనే ఒరిగిపోయారు. గుండెపోటని రాశారు. కప్పు అడుగున తెల్లటి పొడి నేను చూశాను. ఈ బల్ల దగ్గరున్న వాళ్లలోనే ఎవరో కలిపారు. ఇంకో గారె వెయ్యనా, డాక్టరుగారూ?"

డాక్టరు ప్లేటు ముందుకు జరిపాడు. ఎవరూ ఉలిక్కిపడలేదు. వింధ్యావళిగారు టీ ఊదుకుంటున్నారు. చారుమతి కప్పు పెదవుల దగ్గరే ఆగిపోయింది.

"తాగమ్మా, చల్లారిపోతుంది. ఆయన పోయిన రోజున నువ్వు లేవుగా," అన్నారు ఎస్తేరమ్మగారు మెత్తగా.

తాగింది. అంత కమ్మటి టీ ఆమె ఎన్నడూ తాగలేదు. ఆ కమ్మదనానికే ఒళ్లు జలదరించింది.

వెళ్లేటప్పుడు ఇంటావిడ ఆమె తల నిమిరారు. "వచ్చే ఏడు కూడా రావాలి మరి."

"వస్తానండీ," అంది చారుమతి. ఆ మాట తన నోట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

ఇసుకలో కొంతదూరం నడిచాక ఆమె అడిగింది. "పాపం, ఆ మనిషెవరో కనిపెట్టాలనే కదండీ, ఏటా అందర్నీ పిలుస్తున్నారు?"

వింధ్యావళిగారు ఆగారు. వెనక బంగళా కిటికీలో ఎవరో దీపం పెట్టారు. ఆవిడ అటు తిరగలేదు.

"ఆవిడకి మొదటి ఏడే తెలిసిపోయిందమ్మా. అయినా అందరికీ ఒకేలా వడ్డిస్తోంది. అలాంటి ఇంటికి వెళ్లకుండా ఎలా ఉండగలం?"